కర్మకు గుర్తు లేని భాష

సరదాగా కల్పించడం మొదలుపెట్టిన నా భాషకు నేను రాసుకున్న మొదటి నియమం, అందులో విభక్తులు ఉండకూడదన్నది. నేర్చుకునేవారిని భయపెట్టేవి అవేనని, కర్త, కర్మ, క్రియ అన్న వరుసను కచ్చితంగా పాటిస్తే ఎవరు ఎవరిని ఏం చేశారో ఆ వరుసే చెబుతుందని అప్పట్లో గట్టిగా నమ్మాను. ‘మిరా’ అంటే పిల్ల, ‘తోకు’ అంటే కుక్క, ‘సెల’ అంటే చూడటం. కాబట్టి ‘మిరా తోకు సెల’ అంటే పిల్ల కుక్కను చూసింది.

ఆ భాషలో ఒక చిన్న కథ రాయబోయినప్పుడు చిక్కు బయటపడింది. కథలో ప్రతి వాక్యానికీ కర్తను చెప్పుకుంటూ పోము. కర్తను వదిలేసి ‘తోకు సెల’ అని రాస్తే, కుక్క చూసిందనా, కుక్కను చూసిందనా? క్రియను నడుమ ఉంచే భాషలో ముందున్నది కర్త, తరువాతిది కర్మ అని గుర్తుపట్టవచ్చు. క్రియ చివర వచ్చే భాషలో ఆ ఆధారం లేదు. తెలుగులో ‘కుక్క చూసిన పిల్ల’ వేరు, ‘కుక్కను చూసిన పిల్ల’ వేరు. ఆ తేడానంతా మోస్తున్నది ‘ను’ అన్న ఒక్క అక్షరం. నా భాషలో రెండింటికీ ఉన్నది ‘తోకు సెల మిరా’ ఒక్కటే.

అప్పుడు టోకి పోనా అనే కల్పిత భాషను మళ్ళీ శ్రద్ధగా చూశాను. 2001లో సోంజా లాంగ్ వెలువరించిన ఈ భాషలో ఉన్నవి సుమారు 120 మాటలే. క్రియకు కాలం లేదు, నామవాచకానికి వచనం లేదు. ‘మి మోకు’ అంటే నేను తింటున్నాను అనీ, నేను ఆహారాన్ని అనీ అర్థం చెప్పుకోవచ్చు. (ఆకలిగొన్న పులి ఎదుట అనవలసిన మాట కాదు.) ఇంత పొదుపు పాటించిన భాష కూడా కర్మకు ముందు ‘ఎ’ అనే గుర్తును మాత్రం వదులుకోలేదు. 1887లో వెలువడిన మరో కల్పిత భాష ఎస్పెరాంటోలోనూ కర్మకు ‘న్’ ప్రత్యయం ఉంది. దాని వ్యాకరణం 16 నియమాలేనని గొప్పగా చెబుతారు గాని, నాకు ఆ లెక్క మీద అంత నమ్మకం లేదు. నిర్దేశక ఉపపదమైన (ఇంగ్లీషులో ‘ద’ వంటి) ‘లా’ను ఇతర భాషల్లో వాడినట్టే వాడాలని అందులోనే ఉంది. అటువంటి ఉపపదమే లేని తెలుగువాడికి ఆ ఒక్క మాట వెనక దాగినవి ఎన్ని నియమాలో!

గుర్తు పెట్టాలని నిశ్చయించుకున్నాక, ఎప్పుడు పెట్టాలన్న ప్రశ్న మిగిలింది. ‘పుస్తకం చదివాను’ అన్నప్పుడు తెలుగు దాన్ని వదిలేస్తుంది, ‘పిల్లను పిలిచాను’ అన్నప్పుడు వదలదు. ఎస్పెరాంటోను సంస్కరించి 1907లో తెచ్చిన ఇడో, కర్మ కర్తకు ముందు వచ్చినప్పుడే గుర్తు చాలంటుంది. రెండూ ముచ్చటైన ఏర్పాట్లే. అయితే మాట్లాడేవాడు నోరు తెరిచిన ప్రతిసారీ ప్రాణముందా లేదా, ముందు వచ్చిందా వెనక వచ్చిందా అని తేల్చుకోవలసి రావడం నాకు సులువుగా తోచలేదు. అందుకని కర్మ తరువాత ‘నె’ ఎప్పుడూ ఉండి తీరాలని రాసుకున్నాను. ఇప్పుడు ‘తోకు సెల మిరా’ కుక్క చూసిన పిల్ల, ‘తోకు నె సెల మిరా’ కుక్కను చూసిన పిల్ల. ఎనిమిది వాక్యాల ఆ కథను మొదటి నుంచి తిరగరాస్తే, ఐదింటిలో ‘నె’ వచ్చి చేరింది.