ఏ గుర్రం ఎక్కేవాడాయన?

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో బస్సెక్కి ప్రెస్ట్‌బరీకి టికెట్ అడిగితే మూడు పౌండ్లు అన్నాడు డ్రైవర్. గట్టిగా పది నిమిషాల దారి. రూపాయల్లోకి లెక్కేసుకోవద్దని మా తమ్ముడు చెప్తూనే ఉన్నాడు గానీ మనసు ఊరుకోదు కదా. మూడొందల యాభై! ఆ డబ్బుతో గుంటూరు నుంచి బెజవాడ పోయి, టిఫిన్ చేసి, తిరిగి రావచ్చు. లండన్‌లో నాలుగు రోజులూ అందరూ చూసేవే చూశాం, వాటి గురించి రాయను.

ప్రెస్ట్‌బరీకి వెళ్లింది చార్లీ పార్కర్ కోసం. 1882లో ఆ ఊళ్లోనే పుట్టాడు. గ్లౌసెస్టర్‌షైర్ కౌంటీ జట్టు ఎడమచేతి స్పిన్నర్. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో, అంటే కౌంటీ, రంజీ లాంటి పెద్ద మ్యాచ్‌ల్లో, 3,278 వికెట్లు. అంతకంటే ఎక్కువ తీసినవాళ్లు ఇప్పటికీ ఇద్దరే, రోడ్స్, ఫ్రీమన్. మరి ఆడిన టెస్టులు? ఒక్కటి. 1921లో మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియా మీద. అందులోనూ మొదటిరోజు వాన మింగేసింది.

కింగ్స్ ఆర్మ్స్ అనే పబ్ గోడ మీద ఫలకం కనపడగానే గబగబా వెళ్లాను. ఫ్రెడ్ ఆర్చర్‌దట. గుర్రప్పందేల జాకీ. పక్కనే రేస్‌కోర్సు ఉన్న ఊరు, ఇంకేం ఉంటుంది!

తిరుగు బస్టాపులో ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పార్కర్ ఊరు చూద్దామని వచ్చానంటే, "ఏ గుర్రం ఎక్కేవాడాయన?" అన్నాడు. కాదండీ, క్రికెటర్ అన్నాను. చర్చి దగ్గర తిరిగే నల్ల సన్యాసి దెయ్యం కథ మాత్రం అడక్కుండానే చెప్పాడు.

నాకు పంతం పుట్టింది. 1922లో బ్రిస్టల్‌లో యార్క్‌షైర్ మీద, తన బెనిఫిట్ మ్యాచ్‌లోనే (వసూళ్లు ఆటగాడికే ఇచ్చే మ్యాచ్), పార్కర్ వరసగా ఐదు బంతులు వికెట్లకి కొట్టాడని చెప్పాను. ఆయన వేళ్లు మడిచి, "ఐదా?" అన్నాడు. అందులో రెండోది నోబాల్ అన్నాను. మడిచిన వేళ్లలో ఒకటి మెల్లగా తెరిచి, "అయ్యో" అన్నాడు.

1926లో లీడ్స్ టెస్టుకి పిలిచి, పిచ్ తడిగా ఉన్నా పార్కర్‌ని పక్కన కూర్చోబెట్టారు. ఆస్ట్రేలియాకి బ్యాటింగ్ ఇస్తే మకార్ట్నీ లంచ్‌లోపే సెంచరీ బాదేశాడు. ఇది చెప్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. రాజిందర్ గోయల్ పేరెత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. రంజీలో 637 వికెట్లు, ఒక్క టెస్టూ లేదు. గోయల్‌కి తనలాంటి ఎడమచేతి స్పిన్నరే అయిన బేడీ అడ్డం. పార్కర్‌కి నోరే అడ్డమంటారు. ఓ పెద్ద సెలెక్టర్‌ని లిఫ్టులో కాలర్ పట్టుకున్నాడని కూడా చెప్పుకుంటారు. నాకైతే ఆ కథ నిజమైతే బాగుండనిపిస్తుంది.

బస్సొచ్చేసరికి పెద్దాయన పార్కర్ పేరు రాసిమ్మన్నాడు. కాగితం లేక టికెట్ వెనకే రాసిచ్చాను. బస్సెక్కాక మళ్లీ మూడు పౌండ్లు.