మాత్ర పేరు చివరి అక్షరం

మే నెలాఖరు. రోహిణి కార్తె ఎండలకి రాజమండ్రిలో రోళ్ళు పగులుతున్నాయి. వంటింట్లో ఆవకాయ కలుపుతుంటే ఆవపిండి ఘాటుకి తుమ్మడం వరకూ గుర్తుంది. ఆ తర్వాత రెండు రోజులు నా దగ్గర లేవు. మా ఆవిడ చెబితే తెలిసిందే.

చొక్కా చేతుల్లో కాళ్ళు దూర్చబోయానట. ఆవిణ్ణి ఎప్పుడో పోయిన మా అక్క పేరు పెట్టి పిలిచానట. ఆస్పత్రిలో డాక్టరమ్మ "ఇవాళ తారీఖెంతండీ?" అని అడిగితే "ముద్ర మార్చారా లేదా?" అని ఎదురడిగానట. 36 ఏళ్ళు పోస్టాఫీసులో పొద్దున్నే తారీఖు ముద్ర మార్చాకే పని మొదలుపెట్టినవాణ్ణి మరి. ఆ మాటకి మా అబ్బాయి బయటికి వెళ్ళి ఏడ్చాడట.

మొదట పక్షవాతం అనుకున్నారు. స్కానింగులో ఏమీ లేదు. "74 ఏళ్ళొచ్చాయి, మతిమరుపు మొదలైందిలే" అని చుట్టాలు తేల్చేశారు. రక్తపరీక్షలో అసలు సంగతి బయటపడింది. సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, 116. ఉండాల్సింది 135 నుంచి 145.

ఎలా పడిపోయిందంటే, బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్‌తో నా పాదాలు వాచాయి. ఆ మాత్రతో కొందరికి అలా వాస్తాయని నాకు తెలీదు. నేను చూపించుకునే డాక్టరు దాన్ని ఆపకుండా వాపు తగ్గడానికి ఇంకోటి రాశారు. టెల్మిసార్టాన్ ఎప్పట్నుంచో వేసుకుంటున్నదే, పేరు చివర 'హెచ్' చేరింది, అంతే. ఆ హెచ్ హైడ్రోక్లోరోథయాజైడ్. నీటితో పాటు ఉప్పునీ ఒంట్లోంచి తోడేసే మాత్ర. బీపీ కదా అని మా ఆవిడ కూరల్లో ఉప్పు దాదాపు మానేసింది. వడదెబ్బ తగలకూడదని నేను రోజుకి నాలుగైదు లీటర్లు మంచినీళ్ళు తాగాను, దాంతో ఒంట్లో మిగిలిన ఉప్పూ పలచబడింది. ముగ్గురం నా మంచికే చేశాం.

3 శాతం ఉప్పు సెలైను చుక్కచుక్కగా ఎక్కించారు, కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూస్తూ. మావాడు తొందరపడితే, రోజుకి ఎనిమిది, పది పాయింట్లు దాటి పెరిగితే మెదడుకే ప్రమాదమన్నారట.

తెలివి వచ్చేసరికి నా చేతులు గుడ్డపీలికలతో మంచం కమ్మీకి కట్టేసి ఉన్నాయి. సూది పీకేస్తున్నానట. కింద డైపరు. నేను కళ్ళు తెరుచుకుని చూస్తుండగానే "పేషెంటుకి మోషన్ అయిందా?" అని మా ఆవిణ్ణి అడిగేవారు. నోరుంది కదా, నన్నడగొచ్చు కదా! రాత్రి డ్యూటీకి వచ్చే కుర్రాడొకడు మాత్రం బెడ్‌పాన్ పెట్టి, తెర లాగి, "నేను అటు తిరిగి నుంచుంటాను తాతగారూ, మీరు కానివ్వండి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది సోడియం తగ్గడం వల్ల కాదు.

తల కుదుటపడింది గానీ కాళ్ళు మాట వినలేదు. వారం మంచంలో ఉండేసరికి తొడలు వడలిపోయాయి. ఫిజియోథెరపీ ఆయన నేర్పింది ఒకటే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మొదటిరోజు రెండుసార్లు లేచాను. నెల తిరిగేసరికి పన్నెండు. మావాడు బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీ బిగించి, తలుపు గడియ ఊడబీకాడు. కమ్మీ సరే. గడియ కోసం మూడు రోజులు పోట్లాడాను. చివరికి బయట్నుంచి కూడా తీయగలిగేది పెట్టించాడు.

కొత్త డాక్టరు ఆమ్లోడిపిన్‌నీ హెచ్‌నీ రెంటినీ తీసేశారు. కూరల్లో ఉప్పు మామూలుగా వేసుకోమన్నారు, ఆవకాయ మాత్రం ఒక్క ముక్కే.

మొన్న మాత్రలకి నేనే వెళ్ళాను. మెడికల్ షాపు కుర్రాడిచ్చిన అట్టని భూతద్దంతో చూస్తే చివర మళ్ళీ ఆ అక్షరమే. "అది స్టాకు లేదు తాతగారూ, రెండూ ఒకటే" అన్నాడు.

"ఒకటి కాదు నాయనా" అని వెనక్కిచ్చేసి, రెండు వీధులవతలున్న ఇంకో షాపుకి నడిచాను. చేతికర్ర ఇంట్లోనే ఉంది.