ఆ బల్ల మీద నా చోటు

బందరులో మా బడిని పూర్తి పేరుతో పిలిచేవారు తక్కువ; ‘నోబుల్’ అంటే చాలు, రిక్షా అతను తీసుకెళ్లి గేటు ముందు దించేవాడు. ఆరో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు ఆ మాటకు ‘ఉదాత్తమైన’ అని అర్థం చెప్పినప్పుడు, బడికి మంచి పేరే వెతికి పెట్టారనుకున్నాను తప్ప, అది ఒక మనిషి ఇంటిపేరని నాకు చాలాకాలం తెలియదు.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్‌తో కలిసి తెలుగు నేలకు వచ్చి, 1843 నవంబరులో ఇద్దరే పిల్లలతో బడి తెరిచారు. ఫాక్స్ ఊరూరా తిరిగి సువార్త చెప్పే పని తీసుకోగా, నోబుల్ తరగతి గదిని తన సేవాక్షేత్రంగా ఎంచుకున్నారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా స్వదేశం వెళ్లి రాలేదు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమని బడి దాదాపు ఖాళీ అయినా, ఆయన కదలకుండా ఉన్నవారికే పాఠం చెప్పారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న తరువాత ఏడాదైనా నిండకుండానే ఆయన ఇక్కడే కన్నుమూశారు.

ఇంతటి మనిషి గురించి ఇంకొక మాట కూడా చెప్పకపోతే నా మనసు ఒప్పదు. అగ్రవర్ణాలవారు విశ్వసిస్తే మిగిలినవారు వారి వెంట వస్తారన్న ఆశతో, వారు బడికి దూరమవుతారన్న భయంతో, నాటి సమాజం అంటరానివారన్న కులాల పిల్లలను నోబుల్ తన బడిలో చేర్చుకోలేదు. ఆ రోజుల్లోనైతే మా ముత్తాత ఆ గుమ్మం దాటలేకపోయేవాడు. నోబుల్ ఎదురుచూసిన దారిని కాదని విశ్వాసం మరో దారిన నడిచింది: 1859లో రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు బాప్తిస్మం పొందగా, ఆయన సాక్ష్యంతో మాలపల్లెల్లో ఎందరో ప్రభువును నమ్ముకున్నారు. మా కుటుంబానికి ఈ విశ్వాసం పల్లెల మీదుగానే చేరింది. అయినా నోబుల్ గారి మీద నాకు కోపం రాదు. ఆయన ఓర్పు, ఆయన పొరపాటు రెండూ నాకు వారసత్వమేనని నమ్ముతాను.

నన్ను చేర్పించడానికి నాన్న ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. ఆఫీసు గది బయట చెప్పులు విడిచి, లోపల చేతులు కట్టుకుని నిలబడ్డారు. గుమాస్తా తలెత్తకుండానే తండ్రి పేరు అడిగితే, నాన్న మా ఇంటిపేరును ఒక్కొక్క అక్షరం విడదీసి రెండుసార్లు చెప్పి, అది రిజిస్టరులోకి ఎక్కి సిరా ఆరేదాకా ఆ గీత మీదనుంచి చూపు తిప్పలేదు.