గేదెలు ఇంటికొచ్చే వేళ

మా అమ్మకి చదువు రాదు. కానీ ముప్ఫై ఇళ్ల పాల లెక్క నోటికి చెప్పేది. గుడివాడ దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు గేదెల్ని సాకి అన్నయ్యనీ నన్నూ చదివించింది. మొదట తప్పింది ఆ లెక్కే. ఇచ్చినవాళ్లనే మళ్లీ డబ్బులడుగుతోందని ఊళ్లో మాటొచ్చింది. వయసు మీదపడిందిలే అనుకుంటూ రెండేళ్లు గడిపేశాం. ఆ రెండేళ్ల గురించి నాకిప్పటికీ బాధే.

హైదరాబాద్ మియాపూర్‌లో మా ఇంటికి తీసుకొచ్చాక ఒక రాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. వాచ్‌మన్ చూడబట్టి సరిపోయింది. న్యూరాలజిస్టు ముందు రక్తపరీక్షలు రాశారు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు, అలాంటిదైతే మందులతో మెరుగవుతుంది అన్నారు. ఎంత ఆశపడ్డానో! అవన్నీ బాగానే ఉన్నాయి. ఎమ్మారై కూడా చూసి ఆల్జీమర్స్ అన్నారు. జ్ఞాపకశక్తికి 30 మార్కుల పరీక్ష ఒకటుంది, అందులో ఒక వాక్యం రాయమంటారు. పలక పట్టని మనిషి ఏం రాస్తుందని నేను కంగారుపడుతుంటే, ఆయన ఆ కాగితం పక్కనపెట్టి చదువు రానివాళ్లని అడిగే ప్రశ్నలు అడిగారు. ఇది ఏ మాసమమ్మా అంటే అమ్మ ‘కార్తీకం’ అంది. బయట వైశాఖం ఎండలు మండిపోతున్నాయి.

నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లేవాళ్లం. పగలు చూసుకునే మనిషి మూడుసార్లు మారింది. చివరికి ఒక పెద్ద హోంలో చేర్చాం. పదో రోజు వెళ్లేసరికి అమ్మ కుర్చీలో ఒరిగిపోయి ఉంది, చొంగ కారుతోంది. సాయంత్రాలు గొడవ చేస్తోందని మమ్మల్ని అడగకుండానే తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే యాంటీసైకోటిక్ మాత్ర వేస్తున్నారు. డిమెన్షియా, అంటే ఆల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, ఉన్న పెద్దవాళ్లకి ఆ రకం మందులతో ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరైతే డాక్టరు చూసి కొద్దికాలం ఇస్తారు గానీ, మనిషిని కుదురుగా కూర్చోబెట్టడానికి వేసేది కాదు. ఆ రోజే ఇంటికి తెచ్చేశాం.

తర్వాత చేర్చిన రెండో హోం ఒక చిన్న ఇల్లు. ఎనిమిది మంది పెద్దవాళ్లు, పగలు ముగ్గురు ఆయాలు, రాత్రి ఇద్దరు. నెలకి 45 వేలు, డైపర్లు, మందులు వేరే. సగం అన్నయ్య పంపుతాడు. చేర్చుకునేటప్పుడు బీపీ, షుగర్ వివరాలు ఒక్క పేజీలో అయిపోయాయి. మిగతా నాలుగు పేజీలూ అమ్మ గురించే. ఎన్నింటికి లేచేది, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది, అన్నంలో ముందు ఏం కలుపుకుంటుంది. నడిపే మేడమ్ గారు చివర్లో అడిగారు: ‘సాయంత్రం ఐదింటికి మీ అమ్మగారు రోజూ ఏం చేసేవారు?’

అప్పటిదాకా మేమెవ్వరం ఆ మాట అనుకోలేదు. పొద్దువాలే వేళకి ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి కంగారు ఎక్కువవుతుందట. మా అమ్మకి అది గేదెలు ఇంటికొచ్చే వేళ కూడా. ఇన్నాళ్లూ ఆవిడ గొడవ చెయ్యలేదు, పనికి వెళ్లాలని తొందరపడింది.

మొదటి రెండు వారాలూ అయిదయ్యేసరికి గేటు పట్టుకుని ఊపేది. అక్కడ శ్రీకాకుళం ఆయా ఒకామె ఉంది, ఇంట్లో పాడి ఉన్న మనిషి. గేటు దగ్గరకొచ్చి, ‘మామ్మా, కుడితి పెట్టేశాను. దూడనొదిలాను, గేదె ఇంకా పాలు చేపలేదు. ఈలోపు చేతులు కడుక్కో’ అంది. అమ్మ గేటు వదిలి, మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పీట మీద కూర్చుంది. అంత నెమ్మదిగా కూర్చోవడం నేను ఏడాదిగా చూడలేదు. మర్నాడే ఊరెళ్లి అమ్మ ఇత్తడి చెంబు, పాలు కొలిచే సోల తెచ్చిచ్చాను.

నాన్న గురించి అడిగితే ‘పోయారు కదమ్మా’ అనేదాన్ని, అమ్మ ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. ఇప్పుడు ‘పొలానికెళ్లారు’ అంటున్నాను. ఒకరోజు ఉన్నట్టుండి మాట తడబడి, మంచం దిగనని మొరాయించింది. జబ్బు ముదిరిందనే అనుకున్నాను. ఆయానే మూత్రం వాసన తేడాగా ఉందని టెస్టు చేయించమంది. ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్స్‌తో వారంలో మళ్లీ మామూలైంది. ఇలా ఒక్కసారిగా మార్పు వస్తే దయచేసి డాక్టరుకి చూపించండి, జబ్బే పెరిగిందని ఊరుకోకండి.

కన్నతల్లిని ఎక్కడో పడేశారని మా అత్తయ్య అంది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. తర్వాత ఆవిణ్ణి ఒక సాయంత్రం వెంటబెట్టుకెళ్లాను. మళ్లీ ఆ మాట అనలేదు.

మొన్న ఆదివారం అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. చెంబు ముందు పెట్టుకుని, ‘ఎవరింటి పిల్లవమ్మా? ఎన్ని పొయ్యను?’ అంది. ‘సోలెడు’ అన్నాను. చెంబులో నీళ్లే. సోల అంచుదాకా నింపి నా గ్లాసులో వంపింది. తర్వాత మళ్లీ చెంబు వంచి, ఇంకాస్త కొసరు పోసింది.