ఎర్రగుంట్ల దాటాక ముద్దనూరు వైపు

గండికోట చూడాలన్నది నా కోరిక. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా నేరుగా పోవచ్చు. బావ మాత్రం బండిని ఎర్రగుంట్ల వైపు తిప్పాడు. "చుట్టయితే అయింది, ఆర్టీపీపీ చూసి పోదాం పా" అన్నాడు. ఆర్టీపీపీ అంటే బొగ్గుతో కరెంటు తీసే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు. గోదావరి జిల్లాలో ఓ గ్యాస్ ప్లాంట్‌లో ఆపరేటర్‌గా చేసి, రిటైరై ఊరికి చేరిన మనిషి. కరెంటు మాటెత్తితే ఆపడం కష్టం.

ఎర్రగుంట్ల అంతా నాపబండలే. చేలకు కంచెలూ అవే, ఇళ్ల ముందు అరుగులూ అవే. ఊరు దాటి కొంచెం పోగానే పొగగొట్టాలు కనబడ్డాయి. దగ్గరికి పోయేకొద్దీ నీళ్లను చల్లార్చే కూలింగ్ టవర్ల నుంచి లేచే ఆవిరి, గొట్టాల పొగ వేరువేరుగా తెలుస్తాయి. తెల్లగా లేచి చప్పున కరిగిపోయేది ఆవిరి.

పట్టాల మీద బొగ్గు రైలొకటి ఆగి ఉంది. ఎన్ని పెట్టెలో లెక్కపెట్టబోయి విసుగొచ్చి మానేశాను. "210 మెగావాట్ల యూనిట్ ఒక్కటి ఫుల్‌గా తిరిగితే, ఈ రైలు దానికి ఒక్క రోజు మేత" అన్నాడు బావ. అట్లాంటి యూనిట్లు ఇక్కడ ఐదున్నాయి. వీటికి తోడు 2018లో వచ్చిన 600 మెగావాట్లది ఒకటి. మొత్తం 1,650 మెగావాట్లు. మొదటి యూనిట్ 1994లో మొదలైంది. సింగరేణి బొగ్గు ఇంత దూరం రావాలి, కాలాక అందులో దాదాపు మూడో వంతు బూడిదగా మిగలాలి. ఆ బూడిదను సిమెంటు ఫ్యాక్టరీలకు మోసే ట్యాంకర్లు మమ్మల్ని దాటుకుంటూ పోతూనే ఉన్నాయి. రోడ్డు పక్క వేపాకు మీద వేలు పెట్టి గీస్తే, గీత పడినచోటే పచ్చదనం కనబడింది.

టీ కొట్టు దగ్గర బావ తన ప్లాంటు సంగతి ఎత్తుకున్నాడు. గ్యాస్ మండి మొదటి టర్బైన్‌ను తిప్పుతుంది. దాంట్లోంచి బయటికొచ్చే గాలి సుమారు 600 డిగ్రీల వేడి. దాన్ని వదిలేయకుండా బాయిలర్‌లోకి పంపి, నీళ్లను ఆవిరి చేసి, ఇంకో టర్బైన్‌ను తిప్పుతారు. ఒకే ఇంధనంతో రెండుసార్లు కరెంటు. అందుకే మండించిన వేడిలో సగానికి పైనే కరెంటవుతుంది. బొగ్గుతో అయితే మూడో వంతు చిల్లర. పైగా గ్యాస్‌తో బూడిద అన్న మాటే లేదు.

"మరి ఆ గ్యాస్ ప్లాంట్లెందుకు మూతబడ్డాయి బావా?" అన్నాను.

"గ్యాస్ ఏదిరా?" అన్నాడు. 2009లో సముద్రంలోని కృష్ణా గోదావరి డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ వస్తుంటే పండగ చేసుకున్నారట. ఉత్పత్తి పడిపోయి, 2013 కల్లా పవర్ ప్లాంట్లకు రావడం ఆగిపోయింది. కోట్లు పోసి కట్టినవి ఊరికే నిలబడ్డాయి.

నాకు మాత్రం నీళ్ల లెక్క పట్టుకుంది. ఆర్టీపీపీకి నీళ్లు మైలవరం జలాశయం నుంచి వస్తాయి. 2015 నాటి నిబంధనల ప్రకారం చూసినా, ఇట్లాంటి పాత బొగ్గు ప్లాంటు ఒక్క యూనిట్ కరెంటుకు మూడున్నర లీటర్ల దాకా వాడుకోవచ్చు. గ్యాస్ ప్లాంట్‌లో ఆవిరితో వచ్చేది మూడో వంతు కరెంటే కాబట్టి నీళ్ల ఖర్చూ తక్కువే. పెన్నలో నీళ్లు చూస్తే సంబరపడే సీమకు ఆ రకం ప్లాంటే సరిపోయేది అనిపించింది. బావ ఒప్పుకోలేదు. "మోటార్లు కాలిపోయిన లో వోల్టేజీ రోజులు మర్చిపోయినావా? రైలెక్కి వచ్చే బొగ్గే నయం" అన్నాడు. ముద్దనూరు వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. అక్కడ జమ్మలమడుగు రోడ్డెక్కాక ఎండకు ఇద్దరికీ నోరెండిపోయింది.