యంత్రం వెళ్ళిపోయాక మిగిలే అరడుగు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్షా, గడ్‌చాందూర్ చుట్టుపక్కల ఇళ్ళకూ గోదాములకూ చిన్న కల్వర్టులకూ పునాదులు తీయించే సైటు పనిలో ఉన్నాను. మా వైపు ఇప్పుడు మట్టిలో చాలా భాగాన్ని జేసీబీయే తీసేస్తుంది కనుక చేత్తో తవ్వే పని తగ్గిందనీ, దానితో పాటు ప్రమాదమూ తగ్గిందనీ యజమానులు నమ్ముతారు. నేను నమ్మను. పలుగూ పారా మాత్రమే ఉన్న కాలంలో తవ్వేవాడు జానెడు జానెడుగా కిందికి దిగేవాడు. రేగడి ఎక్కడ ముగిసింది, మొరం ఎక్కడ తగిలింది, చెమ్మ ఎక్కడ మొదలైంది అన్నది అతని చేతికి తెలుస్తూ ఉండేది, పక్కగోడలు కూడా పార దెబ్బ తీరు వల్లనే కొంత వాలుగా వచ్చేవి. యంత్రం గంటలో ఆరడుగుల లోతున నిట్టనిలువు గోడలు కోసి వెళ్ళిపోతుంది. ఆ గోడ ఎలాంటి మట్టిదో మనిషి మొదటిసారి చూసేది దాని అడుగున నిలబడి తల పైకెత్తినప్పుడే. మూలలు చెక్కడానికీ, అడుగున వదిలిన అరడుగు మట్టిని లెవెలుకు తీయడానికీ అతను దిగే ఆ కొద్ది గంటలే మొత్తం తవ్వకంలో నేను ఎక్కువగా భయపడే సమయం. అప్పటికి అందరి మనసుల్లోనూ తవ్వకం అయిపోయి, కాంక్రీటు ఎప్పుడు వస్తుందన్న మాటలు మొదలై ఉంటాయి.

మా నేల ఈ భయానికి సగం కారణం. జిల్లాలు దాటి దక్షిణాన సిరొంచా దాకా, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి పోతే ఒండ్రు, ఇసుక తగులుతాయి. ఇసుక నేల తన బలహీనతను దాచుకోదు. కోసిన వెంటనే జారుతుంది కాబట్టి దాన్ని ఎవరూ నమ్మరు. వార్ధా నది దాటి రాజురా వైపున్న నల్లరేగడి అలా కాదు. కోసిన రోజున గోడ నున్నగా, గట్టిగా నిలబడుతుంది, చూసినవాడికి ధైర్యం ఇస్తుంది. కానీ పక్కనుంచి ఉన్న ఒత్తిడి ఒక్కసారిగా తొలగిపోవడంతో ఆ బంకమట్టి నెమ్మదిగా ఉబ్బుతూ చుట్టూ ఉన్న చెమ్మను పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ మెత్తబడుతుంది. మరోవైపు ఎండ తగిలిన పైభాగం ఆరి, అంచుకు సమాంతరంగా పగుళ్ళు పడతాయి. వేసవిలో చేయి దూరేంత పగుళ్ళు తెరుచుకునే ఈ నేలలో ఆ చీలికలు లోతుగా దిగుతాయి. రాత్రి వాన పడి వాటిలో నీరు నిండితే ఆ నీరే మట్టిపలకను గుంతలోకి తోస్తుంది. అందువల్ల "నిన్నంతా నిలిచింది కదా" అన్న మాట నల్లరేగడి విషయంలో ధైర్యానికి కారణం కాదు. ఎంత సేపు నిలిచిందో అంత మెత్తబడిందని అర్థం చేసుకోవాలి. మట్టిపనిలోనే జుట్టు నెరిసిన ఒక తాత ఒకసారి గోడ అడుగున వేలితో నొక్కి చూసి, "సారూ, ఈ గోడ రేపటిదాక ఆగది, కింద ఊట పట్టింది" అన్నాడు. పైన పొడిగా కనిపిస్తున్న ఆ గోడను మేము ఆ మధ్యాహ్నమే వాలుగా కోయించాము.

తవ్వకాల భద్రతకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 3764, కేంద్ర ప్రజాపనుల శాఖ తన ఒప్పందాలకు జోడించే భద్రతా నియమావళి, రెండూ 1.5 మీటర్ల లోతును గీతగా పెట్టుకున్నాయి. ఆ లోతు దాటితే పక్కలను వాలుగానో మెట్లుగానో కోయాలి, లేదా చెక్కలతో బిగించాలి. అయితే ఆ గీతకు ఇవతల అంతా క్షేమమని అనుకోకూడదు. నిలబడినవాడికి ఛాతీ దాకా వచ్చే గుంత, అడుగు చదును చేయడానికి గొంతుకూర్చున్నవాడికి తల మునిగే గుంత. 1.8 మీటర్ల లోతున్న గోడనుంచి పైన రెండడుగుల మందంతో కిందికి సన్నబడే ముక్క ఒక్కటి జారిందనుకుంటే, మీటరు పొడవుకు అర ఘనపు మీటరు పైచిలుకు మట్టి వస్తుంది, అంటే దాదాపు ఒక టన్ను. తల బయటే ఉన్నా ఆ బరువు ఛాతీ మీద పడినవాడు ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఆ ఖాళీలోకి సర్దుకుంటుంది, మళ్ళీ పీల్చుకోవడానికి పక్కటెముకలు విచ్చుకోలేవు. "మొహం పైకే ఉంది, ఏమీ కాదు" అని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకుంటున్న నిమిషాల్లోనే ప్రాణం పోతుంది.

ఇవన్నీ తెలిసినా వాలు ఎందుకు తీయరంటే, దానికి డబ్బు రాదు. గుత్తకు మాట్లాడుకున్న తవ్వకంలో నక్షాలో ఉన్న పొడవు, వెడల్పు, లోతు మాత్రమే లెక్కకు వస్తాయి. రెండు మీటర్ల చదరపు గుంతను 1.8 మీటర్ల లోతుకు నిలువుగా తీస్తే 7.2 ఘనపు మీటర్ల మట్టి. అదే గుంతను నాలుగు వైపులా ఒకటికి ఒకటి వాలుతో తీస్తే సుమారు 28 ఘనపు మీటర్లు. నాలుగింతల మట్టిని తీసి, మళ్ళీ నింపి, గుంత ధర ఒక్కటే పుచ్చుకోమంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడంలో అతని తప్పు కూడా లేదు. ప్రభుత్వ రేట్లలో మట్టిపని మూల ధర 50 మీటర్ల మోతకూ 1.5 మీటర్ల లిఫ్టుకూ (మట్టిని పైకెత్తే ఎత్తుకూ) వర్తిస్తుందనీ, ఆపైన లిఫ్టుకు అదనంగా ఇస్తారనీ మేస్త్రీలందరికీ తెలుసు. డబ్బు మారే ఆ 1.5 మీటర్ల దగ్గరే గోడకు రక్షణ కూడా మారాలన్నది మాత్రం ఎవరూ వాళ్ళకు చెప్పరు. యజమానితో మాట్లాడేటప్పుడు వాలు మట్టినో, చెక్కల ఖర్చునో మొదటి కాగితంలోనే వేరే పద్దుగా రాయాలన్నది నా పట్టుదల. పని మధ్యలో అడిగితే అది బేరం అవుతుంది, బేరంలో ఓడిపోయేది గుంతలో ఉన్నవాడు.

చోటు ఉన్నచోట వాలు, లేనిచోట చెక్కలు అన్నది స్థూలంగా నేను పాటించే పద్ధతి. ఊరి మధ్యలో రెండు ఇళ్ళ నడుమ పునాది తీసేటప్పుడు వాలుకు చోటు దొరకదు కాబట్టి నిలువు పలకలు, వాటికి అడ్డంగా దూలాలు, ఎదురెదురు దూలాల మధ్య బిగించే తన్నుకర్రలు తప్పవు. కాంక్రీటు అచ్చుకు వాడే సెంట్రింగు షీట్లు, జాకీలు సైటులోనే ఉంటాయి కనుక వాటితో చేయవచ్చు. షీటుకూ మట్టికీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే మట్టి ముందు కదిలి, ఊపందుకున్నాక షీటును తాకుతుంది. పై వరుస తన్నుకర్రలను బయటినుంచే బిగించి, ఆ రక్షణ కింద ఉంటూనే కింది వరుసకు దిగాలి. తన్నుకర్రలను మెట్లుగా వాడి ఎక్కడం దిగడం మా కుర్రవాళ్ళకు మహా ఇష్టం, దీన్ని మాన్పించడానికి తిట్లకన్నా దగ్గరలో నిచ్చెన పెట్టడం బాగా పనిచేస్తుంది. నియమావళి ప్రకారం 1.2 మీటర్లు దాటిన కందకంలో ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండాలి, అది గట్టు మీదికి 90 సెంటీమీటర్లు పొడుచుకు రావాలి. పరుగెత్తి బయటపడాల్సినవాడికి 30 మీటర్లు చాలా దూరం కాబట్టి నేను అంతకన్నా దగ్గరగానే పెట్టిస్తాను.

పాత ఇంటి మట్టిగోడకు ఆనుకొని తవ్వేటప్పుడు మొత్తం పొడవును ఒకేసారి తెరవకూడదు. మీటరు, మీటరున్నర ముక్కలుగా విడగొట్టి, ఒకటి వదిలి ఒకటి తవ్వి, తవ్వినదాన్ని కట్టి గట్టిపడనిచ్చాకే మిగతావాటి జోలికి పోవాలి.

తీసిన మట్టి ఎక్కడ పడుతుందన్నది తవ్వకం అంత ముఖ్యమైన విషయం. అంచునుంచి కనీసం 1.5 మీటర్లు, లేదా లోతులో సగం, రెంటిలో ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలని నియమం. కానీ నెత్తిమీద ఘమేలా (మట్టి తట్ట) మోసే ఆడవాళ్ళకు అడుగు కలిసివస్తే చాలు. దించిన చోటే కుప్ప లేస్తుంది, ఆ కుప్ప బరువు గోడ మీదే పడుతుంది. సున్నంతో ఒక గీత గీసి, దానికి అవతల పోయమని చెబితే సరిపోతుందని అనుకునేవాణ్ణి కాను. మోసేవాళ్ళకు చదునైన దారి చేసి ఇస్తేనే ఆ గీత నిలుస్తుంది. అదే కుప్ప నీడలో పసిపిల్లను చీర ఊయలలో పడుకోబెట్టడం వేసవిలో మా సైట్లలో మామూలు దృశ్యం. నీడ ఇంకెక్కడా లేకపోవడమే అందుకు కారణం గనుక, గుంతకు దూరంగా నీడకు ఒక టార్పాలిన్ పట్టా కట్టడం తవ్వకపు పనిలో భాగమేనని నేను లెక్కిస్తాను.

పట్టణంలో తవ్వితే కేబుళ్ళ సంగతి వేరే. భూగర్భ కేబుళ్ళ ప్రమాణం ఐ.ఎస్. 1255 ప్రకారం ఇళ్ళకు వెళ్ళే తక్కువ వోల్టేజీ కేబులు కనీసం 75 సెంటీమీటర్ల లోతున, 11 కేవీది 90 సెంటీమీటర్ల లోతున ఉండాలి. ఆ తర్వాత రోడ్డును ఎన్నిసార్లు ఎత్తు చేశారో, ఎన్నిసార్లు గీకారో దాన్నిబట్టి ఆ లోతు మారిపోయి ఉంటుంది. నడుమ ఎక్కడైనా వరసగా పేర్చిన ఇటుకలో, శుభ్రమైన ఇసుక పొరో తగిలితే అది కేబులు మీది కప్పు అని గుర్తించి అక్కడే ఆగాలి. గడ్డపారను పూర్తిగా పక్కన పెట్టి, విద్యుత్తు శాఖవాళ్ళు వచ్చేదాకా ఆ జాగాను వదిలేయాలి.

ఇక అసలు ముగింపు పని. యంత్రాన్ని గుంత అడుగు లెవెలుకు సుమారు 150 మిల్లీమీటర్ల పైననే ఆపించాలి. దాని పళ్ళు చివరి పొరను కదిలిస్తే ఆ వదులు మట్టి మీద పునాది కూర్చుంటుంది. అది వెళ్ళిపోకముందే, డ్రైవరు ఇంకా సీటులో ఉండగానే, గోడల మీద వేలాడుతున్న పెళ్ళలనూ రాళ్ళనూ బకెట్‌తో దులిపించి, గట్టును వాలుగా కోయించాలి. బండి వెళ్ళాక అదే పనిని కిందనుంచి గడ్డపారతో చేయాల్సి వస్తుంది, అందులో దెబ్బ తగలకుండా బయటపడటం అదృష్టం మీద ఆధారపడుతుంది. అడుగున తొలిచి పైమట్టిని కూలగొట్టడం ఎంత సులువుగా కనిపించినా, ఎంత అనుభవజ్ఞుడు చేస్తానన్నా ఒప్పుకోకూడదు. కోత ఎప్పుడూ పైనుంచి కిందికే.

గూటాలను గుంతకు బాగా బయట పాతి పురికొస లాగితే కొలత చూడటానికి అంచు మీద వంగాల్సిన అవసరం ఉండదు. నీటి పైపుతో లెవెలు పట్టి, నిచ్చెనకు దూరంగా ఉన్న మూలనుంచి మొదలుపెట్టి నిచ్చెన వైపు వెనక్కి జరుగుతూ అడుగు చెక్కాలి. అప్పుడు తీర్చిన నేలను మళ్ళీ తొక్కరు, బయటికి దారి ఎప్పుడూ దగ్గరవుతూ ఉంటుంది. ఇద్దరు దిగితే గడ్డపార ఊపుకు రెండో మనిషి అందనంత ఎడం ఉండాలి. పైన ఒకరు ఏ పనీ లేకుండా, కళ్ళు గట్టు మీదే పెట్టి నిలబడాలి. తెలుగు, మరాఠీ, గోండీ మాట్లాడేవాళ్ళు కలిసి పనిచేసే చోట అరుపులకన్నా అతని మెడలో విజిల్ మేలు. ఆ మనిషికి కూలి దండగ అని వాదించే యజమానులు ఉన్నారు, ఆ వాదనకు నేను సమయం ఇవ్వను. పొరపాటున ఎక్కడైనా లోతు ఎక్కువైతే తీసిన మట్టినే తిరిగి పోసి దిమ్మిసతో కొట్టకూడదు, ఆ పల్లాన్ని కాంక్రీటుతోనే నింపాలి. నల్లరేగడిలో తీర్చిన అడుగును రాత్రంతా తెరిచి ఉంచితే పగులుతుంది లేదా బురదవుతుంది, అప్పుడు మళ్ళీ మనిషిని దింపాలి. కనుక ఆ చివరి పొరను, పునాది కింద పరిచే బెడ్డు కాంక్రీటు సిద్ధమైన రోజునే తీయించాలి. దీనివల్ల పునాది బాగుపడుతుందని ఇంజనీర్లు చెబుతారు, మనుషులు గుంతలో ఉండే సమయం తగ్గుతుందన్నది నాకు అంతకన్నా పెద్ద లాభం.

ఊట వస్తే పునాది జాగాకు బయట, ఒక మూలలో చిన్న గుంట తీసి నీటిని అక్కడికి మళ్ళించి తోడాలి. డీజిల్ పంపును మాత్రం గుంతలోకి దించరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, లోతులో అది పేరుకుంటే మనిషి గమనించకముందే స్పృహ తప్పుతాడు. పంపు గట్టు మీద, దాని పొగ గాలికి గుంత వైపు రాని చోట దూరంగా ఉండి పైపు మాత్రమే కిందికి పోవాలి. చంద్రపూర్ ఎండల్లో, 45 డిగ్రీలు దాటే మే నెలలో, గాలి ఆడని గుంతలో పని తెల్లవారుజామునే మొదలుపెట్టి పదకొండు లోపు ఆపేయాలి.

గోడ జారి ఎవరైనా చిక్కుకుంటే వెంటనే దూకడం మనిషి సహజ స్వభావం. అయితే మొదటి పెళ్ళ తర్వాత రెండోది రావడం కూడా అంతే సహజం, దూకినవాడు దానికింద పడతాడు. 108కి ఫోను చేయించి, గట్టు మీది మట్టికుప్పనూ జనాన్నీ వెనక్కి జరిపించి, దొరికిన షీట్లతో గోడను ఆపి, ఆ తర్వాతే దిగాలి. ముందు మొహం, ఆ వెంటనే ఛాతీ చుట్టూ చేతులతో మట్టి తీయాలి. జేసీబీ బకెట్‌ను అతని దగ్గరికి రానివ్వకూడదు, తాడు కట్టి లాగకూడదు. చాలాసేపు కాళ్ళు నలిగి ఉన్నవాడు బయటికి వచ్చాక బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి పంపాల్సిందే. నలిగిన కండరాలనుంచి రక్తంలోకి చేరే పదార్థాలు తర్వాత గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

పునాది లేచాక చెక్కలు తీయడం కూడా తవ్వకంలో భాగమే, మళ్ళీ కర్ర పనికివస్తుందన్న తొందరలో మా వాళ్ళు పైవరుసనే ముందు లాగేస్తుంటారు. కిందివరుస తన్నుకర్ర తీసి, ఆ ఎత్తు వరకు మొరం జానెడు జానెడు పొరలుగా నింపి దిమ్మిస కొట్టి, ఆ నింపు గోడను మోస్తున్నప్పుడు మాత్రమే పైవరుసకు రావాలి. ఆఖరి షీటు బయటికి వచ్చేదాకా గుంత చుట్టూ మీటరు ఎత్తు కంచె, రాత్రిపూట దీపం ఉండి తీరాలి. సైటు మీదుగా అడ్డదారిన నడిచే మనుషులకూ, మేతకు వదిలిన గొడ్లకూ లోపల పని ఎంతవరకు వచ్చిందో తెలియదు.