బావకి ఏఆర్ తీసుకోమన్నాను, ఎందుకంటే

టెక్సాస్‌లో ఉన్న మా బావ రైఫిల్ కొంటానంటున్నాడు. గ్రీన్‌కార్డ్ వచ్చింది కాబట్టి కొనొచ్చు (మామూలు వీసా మీద ఉన్నవాళ్లకి వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప అక్కడ అమ్మరు). స్నేహితుడి పొలంలో అడవిపందులు పడి పంట తవ్వేస్తున్నాయట. ఆ బాధ ఏంటో ఉదయగిరి వైపు రైతులకి నేను చెప్పక్కర్లేదు. ఏకే (ఏకే-47 రకం రష్యన్ నమూనా రైఫిల్) తీసుకోవాలా, ఏఆర్-15 (ఏఆర్ అనే అమెరికన్ నమూనా రైఫిల్) తీసుకోవాలా అన్నది ఆయన ప్రశ్న.

మా చిన్నాన్న పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాడు, నల్లమల కూంబింగ్‌లో ఏకే మోసినవాడు. ఇంకో మాట లేకుండా ఏకే అన్నాడు. ఆయన చెప్పేదాంట్లో నిజముంది. ఏకేలో కాల్చినప్పుడు వచ్చే గ్యాస్ నెట్టే పిస్టన్, తూటా వెనక మూసే బోల్ట్‌ని మోసే క్యారియర్ (బోల్ట్ క్యారియర్) ఒకటిగా కదులుతాయి, భాగాల మధ్య సందు కూడా ఎక్కువే, అందుకని మసి పట్టినా, నూనె వేయకపోయినా పని చేస్తూనే ఉంటుంది. ఏఆర్‌లో అయితే గ్యాస్ సన్నటి గొట్టం గుండా నేరుగా బోల్ట్ క్యారియర్ లోపలికే వస్తుంది, మసీ అక్కడే చేరుతుంది, కాబట్టి శుభ్రం చేసుకుంటూ నూనె వేస్తుండాలి. కానీ రోజుల తరబడి అడవిలో నడిచే పోలీసు అవసరం వేరు, రాత్రి పికప్‌లో పొలానికెళ్లి తెల్లారేసరికి ఇంటికొచ్చే మనిషి అవసరం వేరు.

పందులు వచ్చేది రాత్రిపూట, అసలు తేడా అక్కడే ఉంది. చీకట్లో కాల్చాలంటే థర్మల్ స్కోప్ (ఒంటి వేడిని బట్టి జంతువుని చూపించే దుర్భిణి) కావాలి, అది కదలకుండా కూర్చోవాలి. ఇప్పుడొచ్చే ఏఆర్‌లకి పైభాగమంతా స్కోప్ బిగించే గట్టి పట్టా (రైల్) ఉంటుంది, స్కోప్ బిగిస్తే చాలు. ఏకే పైమూత శుభ్రం చేసేటప్పుడు ఊడదీసే పల్చటి రేకు, దాని మీద స్కోప్ గురి నిలవదు, పక్కన విడిగా బ్రాకెట్ వేసుకోవాలి. పైగా ఏఆర్ గురి మామూలుగానే మెరుగు, వెనక్కి తన్నడమూ తక్కువ.

తూటా సంగతికొస్తే ఏకేది సుమారు 8 గ్రాములు, ఏఆర్‌లో మామూలుగా వాడే 5.56 (మిల్లీమీటర్ల) రకానిది సుమారు 4 గ్రాములే కానీ చాలా వేగంగా వెళ్తుంది. దగ్గర్లో పెద్ద పంది మీద ఏకే తూటాయే మేలు, ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఏఆర్‌లో రెండు పిన్నులు తీసి పైభాగం మార్చేస్తే .300 బ్లాకౌట్ అనే ఇంకో రకం తూటా కాల్చే రైఫిల్ అవుతుంది, అదే బోల్ట్, అదే మేగజైన్, తూటా మాత్రం బరువుది. (రెండు రకాల తూటాల్నీ వేర్వేరుగా, గుర్తు రాసి పెట్టుకోవాలి, 5.56 రైఫిల్‌లో బ్లాకౌట్ తూటా పెట్టి కాలిస్తే తుపాకీయే బద్దలైపోవచ్చు.) ఇక రష్యా తూటాలు చవగ్గా దొరికినన్నాళ్లూ ఏకే వాళ్లకి ఖర్చు కలిసొచ్చేది, 2021లో అమెరికా వాటి దిగుమతికి కొత్త పర్మిట్లు ఆపేశాక ఆ లాభం బాగా తగ్గింది.

చిన్నాన్న ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం బావకి ఏఆర్ అనే చెప్పాను, డబ్బు కట్టే ముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని రెండూ కాల్చి చూడమన్నాను. ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు కాబట్టి రైఫిల్ కన్నా ముందు తాళం పడే ఇనప పెట్టె కొని గోడకి బిగించమని అక్కకి కూడా ఫోన్ చేసి చెప్పాను.